ప్రకృతి ప్రేరిత సాంకేతికతతో సైన్స్ బోధన: హైదరాబాద్‌లో ఒక ఎనిమిదో తరగతి కేస్ స్టడీ

నేపథ్యం

ఉప్పల్ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను భౌతిక శాస్త్రం బోధిస్తున్నాను. జీవుల నిర్మాణాన్ని గమనించి మనుషులు తయారుచేసుకున్న వస్తువులను, యంత్రాలను ఆధారంగా చేసుకుని, మా జీవశాస్త్ర ఉపాధ్యాయినితో కలిసి ఎనిమిదో తరగతిలో జులై నుంచి డిసెంబరు వరకు సాగించిన బోధనను ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఇదే పని చేయదలచిన తోటి ఉపాధ్యాయులకు ఏది పనికొచ్చిందో, ఎందుకు పనికొచ్చిందో తెలియాలన్నది నా ఉద్దేశం.

మా పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువ మంది మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు నుంచి పని వెతుక్కుంటూ నగరానికి వచ్చినవారు. అపార్ట్‌మెంట్ల కాపలా, భవన నిర్మాణం, ఆటో నడపడం, ఇళ్లలో పనులు వారి జీవనాధారం. దసరాకు, సంక్రాంతికి ఊరికి వెళ్లివచ్చే ఈ పిల్లలకు చెట్టూచేమా, పురుగూపుట్రా గురించి తెలిసింది తక్కువేమీ కాదు. అయితే ఆ తెలిసినదానికీ సైన్స్ పీరియడ్‌కూ సంబంధం ఉందన్న సంగతి వారి మనసుకు ఎక్కలేదు. ఘర్షణ నిర్వచనాన్ని తడుముకోకుండా అప్పజెప్పే విద్యార్థి, తడిసిన టైల్స్ మీద చెప్పు ఎందుకు జారుతుందని అడిగితే నోరు విప్పేవాడు కాదు.

ప్రకృతి ప్రేరిత సాంకేతికత అనగానే బడుల్లో సాధారణంగా కనిపించేది ఒక చార్టు. ఒకవైపు లకుముకి పిట్ట బొమ్మ, రెండోవైపు బుల్లెట్ రైలు బొమ్మ ఉంటాయి. ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు పిల్లలు దాని పక్కన నిలబడి నేర్చుకున్న నాలుగు వాక్యాలు చెబుతారు. ఆ చార్టులో రెండు బొమ్మల మధ్య గీసిన బాణం గుర్తులోనే అసలు విజ్ఞానమంతా ఉంది, దాన్ని మాత్రం ఎవరూ విప్పి చెప్పరు. మేము ఆ బాణాన్నే పాఠంగా తీసుకున్నాం. ముందు జీవిని చూడాలి, అది ఎలా పనిచేస్తుందో ఊహించాలి, ఆ ఊహను పరీక్షకు పెట్టాలి, తేలిన సూత్రాన్ని జీవి పేరు ఎత్తకుండా ఒక వాక్యంలో చెప్పగలగాలి. ఆవిష్కర్త పేరూ, వస్తువూ ఆ తర్వాతే రావాలి. ఈ వరుసను ఏ అంశంలోనూ తారుమారు చేయకూడదని ఇద్దరం ముందే అనుకున్నాం.

అంటుకునే కాయలు

మొదటి అంశంగా ఉత్తరేణిని ఎంచుకోవడానికి కారణం అది వెతకకుండానే దొరకడం. వినాయక చవితి పత్రిలో చేరే ఈ మొక్క, వానాకాలంలో మా ప్రహరీ వెంట, పక్కనున్న ఖాళీ ప్లాట్లలో మోకాలి ఎత్తున పెరుగుతుంది. దాని కాయలు అంటించుకుని తరగతికి వచ్చే పిల్లలు రోజూ ఉంటారు. దానికి జతగా మరులమాతంగి కాయలను తెప్పించాం. చెరువు గట్ల మీద పెరిగే ఈ మొక్క కాయ ఒళ్లంతా ముళ్లతో ఉండి, గొర్రెల ఉన్నిలో, ఆవుల తోక వెంట్రుకల్లో చిక్కుకుని దూరాలకు పోతుంది.

రెండింటినీ భూతద్దం కింద పెట్టడానికి ముందు, అవి బట్టకు ఎలా అంటుకుంటాయో బొమ్మ గీయమన్నాం. దాదాపు అందరూ రెండింటికీ కొక్కేలు గీశారు. చూడకముందే గీయించడం ముఖ్యమైన మెట్టు, ఎందుకంటే తన ఊహ కాగితం మీద ఉన్నప్పుడే విద్యార్థి కంటికి కనిపించేదాన్ని దానితో పోల్చి చూస్తాడు. భూతద్దం కింద మరులమాతంగి ముల్లు చివర నిజంగానే వంపు తిరిగి కొక్కెంలా ఉంది. ఉత్తరేణిని చాలాసేపు తిప్పి తిప్పి చూసిన ఒక అమ్మాయి, "సార్, దీనికి కొక్కెమే లేదు. గిది పట్టుకుంటలేదు, గుచ్చుకుంటుంది" అంది. ఆమె చెప్పింది సరైనది. ఉత్తరేణి కాయలు కాడకు ఆనుకుని కిందికి వంగి ఉంటాయి. కాయను అంటిపెట్టుకున్న చిన్న పుచ్ఛాల (పూల కింద ఉండే ఆకుల్లాంటి భాగాల) కొసలు సూదుల్లా తేలి ఉంటాయి. కింది నుంచి పైకి రాసుకుంటూ పోయిన బట్టలోకి ఆ సూదులు దిగుతాయి, పట్టు దొరికిన కాయ కాడ నుంచి ఊడి వెంట వస్తుంది. కాడను పైనుంచి కిందికి నిమిరితే చేతికి ఏమీ తగలదు, కింది నుంచి పైకి నిమిరితే గుచ్చుకుంటుంది. ఈ తేడాను ప్రతి విద్యార్థీ తన వేళ్లతోనే తెలుసుకున్నాడు.

అంటుకోవడం అనే ఒకే పనికి రెండు వేర్వేరు యంత్రాంగాలు ఉన్నాయని తేలాక, ఏది గట్టిదన్న వాదన పిల్లల్లోనే మొదలైంది. దాన్ని కొలతలోకి మళ్లించాం. చెక్కకు గుడ్డను నిలువుగా బిగించి, కాయకు దారం కట్టి, దారానికి కాగితపు కప్పు వేలాడదీసి, కాయ ఊడిపడేదాకా సూది తీసేసిన సిరంజితో నీళ్లు పోశారు. ఒక మిల్లీలీటరు నీటి బరువు ఒక గ్రాము, వంద గ్రాములంటే రమారమి ఒక న్యూటన్. ఈ లెక్కతో బలం అనే పాఠం ఖరీదైన స్ప్రింగు త్రాసు లేకుండానే వారి చేతిలోకి వచ్చింది. తువ్వాలు, పాత స్వెటర్, యూనిఫాం గుడ్డ, నున్నటి పాలియెస్టర్ చున్నీలను పరీక్షించగా, దారపు ఉచ్చులు పైకి తేలి ఉన్న తువ్వాలు మీద మరులమాతంగి ఎక్కువ బరువు మోసింది, చున్నీ మీద దాదాపు నిలవలేదు. కొక్కెం ఎంత మంచిదైనా చాలదనీ, ఎదుట ఉచ్చు కూడా ఉండాలనీ పిల్లలు రాసుకున్నారు.

ఆ వాక్యం నోట్సులోకి వచ్చాకే జార్జ్ డి మెస్ట్రాల్ కథ చెప్పాం. 1941లో ఈ స్విస్ ఇంజినీరు ఆల్ప్స్ కొండల్లో నడిచి వచ్చాక తన బట్టలకూ, కుక్క బొచ్చుకూ అంటుకున్న బర్డాక్ అనే మొక్క కాయలను సూక్ష్మదర్శినిలో చూశాడు. కొక్కేల పట్టీ, ఉచ్చుల పట్టీ ఒకదానికొకటి అంటుకునే వెల్క్రోకు 1955లో పేటెంటు వచ్చేదాకా ఆయన చేసిన పని పిల్లలకు కథ కన్నా ఎక్కువ నచ్చింది. నూలుతో చేసిన కొక్కేలు త్వరగా అరిగిపోయాయి. నైలాన్ దారాన్ని ఉచ్చులుగా నేసి, పరారుణ కిరణాల వేడితో ఆ ఆకారాన్ని స్థిరపరచి, ఒక పక్కన కత్తిరిస్తే గట్టి కొక్కేలు తయారయ్యాయి. కృత్రిమ దారాల పాఠంలో నైలాన్ గురించి కంఠస్థం చేసిన లక్షణాలు ఒక సమస్యకు జవాబుగా కనిపించింది అప్పుడే. ఆ తర్వాత బ్యాగులకు, చెప్పులకు ఉన్న వెల్క్రోను పక్కకు లాగితే ఊడక, అంచు పట్టి పైకి ఒలిస్తే సులువుగా ఎందుకు వస్తుందన్న ప్రశ్నను రెండు పీరియడ్ల పాటు సాగదీశాం. పక్కకు లాగినప్పుడు బలం అన్ని కొక్కేల మీదా పంచుకుంటుంది, ఒలిచినప్పుడు అంచు వరుసలోని కొన్నిటి మీదే పడుతుంది. ఈ వివరణను పిల్లలే కట్టుకోవాలని మేము చెప్పకుండా ఆగాం. అది సమయం తీసుకుంటుంది, కానీ ఆ సమయం వృథా కాదన్నది నా దృఢమైన అభిప్రాయం.

చేమాకు మీద నీటిబొట్టు

ఆరు నెలల్లో పిల్లలు ఎక్కువ కాలం పట్టుకుని వదలనిది ఈ అంశమే. తామరాకు దొరకడం కష్టం కాబట్టి చేమాకును తీసుకున్నాం. ఒక విద్యార్థి నానమ్మ పెరట్లోంచి ఆకులు పంపింది. చేమాకు మీద నీరు ఎందుకు నిలవదని ముందుగా రాయమంటే, ఆకు నున్నగా ఉంటుంది కాబట్టి అని ఎక్కువ మంది రాశారు. పెద్దవాళ్లు కూడా చెప్పే జవాబు అదే, కానీ అది వాస్తవానికి పూర్తిగా వ్యతిరేకం.

ఒకే సిరంజితో చేమాకు, అరటాకు, మందారాకు, స్టీలు పళ్లెం మీద బొట్లు వేసి, కంటిని ఆకు అంచు ఎత్తుకు దించి పక్క నుంచి ఫోన్‌తో ఫోటోలు తీశాం. ఫోటోలను పెద్దగా ముద్రించి, బొట్టు అంచు ఆకును తాకే చోట కోణమానిని పెట్టి కొలిచారు. ఈ కోణాన్నే స్పర్శకోణం అంటారు. చేమాకు మీది బొట్టు గోళీలా నిలబడింది, పళ్లెం మీది బొట్టు చదునుగా పరుచుకుంది. ఇటుక పొడి చల్లి ఆకును వంచితే, బొట్టు దొర్లుతూ పొడిని తనకు అంటించుకుని కిందికి పోయింది. అది పోయిన దారి మాత్రమే శుభ్రంగా మిగిలింది. సబ్బు నీటి బొట్టు వేస్తే అదే ఆకు తడిసిపోయింది. చివరగా ఆకులో ఒక చోట బొటనవేలితో గట్టిగా రుద్ది బొట్టు వేయమన్నాం. రుద్దిన చోట బొట్టు అతుక్కుని నిలిచింది, అంగుళం పక్కన ఎప్పటిలాగే దొర్లిపోయింది. ఆకు నున్నగా ఉండటమే కారణమైతే రుద్దినకొద్దీ ఇంకా బాగా జారాలి కదా అని ఒక అబ్బాయి లేచి అడిగినప్పుడు, ముందు రాసిన జవాబును చాలా మంది తమంతట తామే కొట్టివేశారు.

ఇక్కడ కంటికి ఉన్న హద్దు గురించి చెప్పవలసి వచ్చింది. చేమాకులాగే నీటిని అంటనివ్వని తామరాకు ఉపరితలం మీద మైక్రోమీటర్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రోమీటరు) పరిమాణంలో బొడిపెలు, వాటి మీద అంతకన్నా ఎంతో సన్నని మైనపు స్ఫటికాలు ఉంటాయి. బొట్టు ఆ కొసల మీదే ఆనుకుంటుంది, కింద గాలి మిగిలిపోతుంది. మా దగ్గర ఉన్న ఫోల్డ్‌స్కోప్ 140 రెట్లు పెద్దది చేసి చూపే కాగితపు సూక్ష్మదర్శిని. దానిలో బొడిపెల జాడ తెలుస్తుంది కానీ మైనపు స్ఫటికాలు కనిపించవు. సాధారణ కాంతి సూక్ష్మదర్శిని ఎంత మంచిదైనా దాదాపు 0.2 మైక్రోమీటర్ల కన్నా చిన్న వివరాన్ని విడదీయలేదు, దానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావాలి. జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ అలాంటి సూక్ష్మదర్శినితో ఆకుల ఉపరితలాలను పరిశీలించే క్రమంలోనే ఈ గుణాన్ని గుర్తించి, 1997లో తోటి వృక్షశాస్త్రవేత్త నైన్‌హుయిస్‌తో కలిసి దాని వివరణను ప్రచురించాడు. మనకు కనిపించనిదాన్ని ఎలా నమ్మాలి అన్న ప్రశ్న తరగతిలో వచ్చింది. బొటనవేలి పరీక్ష దానికి పరోక్ష సాక్ష్యం అని చెప్పాను. చూపు ఆగిన చోట ప్రయోగం ముందుకు పోతుందన్న ఈ సంగతి పాఠ్యపుస్తకం మొత్తంలో నేను నేర్పదలచిన వాటిలో మొదటిది.

వానలకు బ్యాగులు తడిసి పుస్తకాలు పాడవుతున్నాయి కాబట్టి, చేమాకు నుంచి నేర్చుకున్నదానితో ఏదైనా చేయగలరా అని అడిగాం. కొవ్వొత్తి మైనం పూస్తే చాలన్నారు. కరిగించిన మైనాన్ని నేనే స్టీలు పళ్లేనికి, గరుకు కాగితానికి, నూలు గుడ్డకు పలుచగా పూసి ఇచ్చాను. పళ్లెం మీద కోణం పెరిగింది, కానీ చేమాకు దరిదాపులకు రాలేదు. గరుకు కాగితం మీద బొట్టు మరింత గుండ్రంగా నిలిచింది. నీటిని ఎంతగా వికర్షించే పదార్థం పూసినా, నున్నటి ఉపరితలం మీద స్పర్శకోణం సుమారు 120 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. తామరాకు మీద అది 150 దాటుతుంది. ఆ మిగిలిన తేడా గరుకుదనం వల్ల వచ్చేది. మైనమూ కావాలి, గరుకూ కావాలి అని పిల్లలు సూత్రాన్ని రాశారు.

మైనం పూసిన గుడ్డ బ్యాగు మీద కొద్ది రోజులే పనిచేసింది. భుజానికి రాసుకున్న చోట మైనం పోయింది, జోరు వానలో నీరు లోపలికి దిగింది. "ఆకు పోయిన మైనాన్ని మళ్లా తయారుచేసుకుంటది, బ్యాగు చేసుకోదు" అని వారు రాసిన ముగింపు, నీటిని అంటనివ్వని పూతలు తయారుచేసే పరిశోధకులు ఇప్పటికీ ఎదుర్కొంటున్న సమస్యే. జీవికీ వస్తువుకూ మధ్య పోలిక చెప్పడం సులువు, తేడా చెప్పగలిగినప్పుడే విద్యార్థికి విషయం అర్థమైందని మేము లెక్కవేశాం.

బల్లి, లకుముకి పిట్ట

బల్లి అంటే మా పిల్లలకు భయం, శకునం రెండూ ఉన్నాయి. ఇంట్లో వింటున్న బల్లి శాస్త్రాన్ని తరగతిలో వాదనకు పెట్టలేదు. కిటికీ అద్దం అవతల పాకుతున్న బల్లి పాదాన్ని ఇవతలి నుంచి ఫోటో తీసుకురమ్మన్నాం, పట్టుకోవద్దని గట్టిగా చెప్పాం. వేళ్ల కింద అడ్డగీతల్లాంటి పొరలు ఫోటోల్లో స్పష్టంగా వచ్చాయి. జిగురా, గాలి పీల్చి పట్టుకోవడమా అన్న రెండు ఊహలనూ పిల్లలే తోసిపుచ్చారు: అద్దం మీద తడి మిగలదు, గరుకు గోడ మీద గాలి నిలవదు. ఆ పొరల మీది సన్నని రోమాలూ, వాటి చివర చీలికలూ ఉపరితలానికి అతి దగ్గరగా ఆనినప్పుడు అణువుల మధ్య పుట్టే వాన్ డర్ వాల్ బలాలే పట్టుకు కారణమని అమెరికా జీవశాస్త్రవేత్త కెల్లార్ ఆటమ్ బృందం 2002లో చూపింది. అంతకుముందు 2000లో ఒక్క రోమం సుమారు 200 మైక్రోన్యూటన్ల (న్యూటన్‌లో పది లక్షలో వంతు ఒక మైక్రోన్యూటన్) బలాన్ని ఆపగలదని కొలిచింది. మా కప్పులోని ఒక మిల్లీలీటరు నీటిని మోయడానికి దాదాపు యాభై రోమాలు చాలునని లెక్కకట్టింది వెనక బెంచీలో కూర్చునే విద్యార్థి.

లకుముకి పిట్టను అందరూ చెరువు దగ్గర చూశారు. జపాన్ ఇంజినీరు, పక్షి పరిశీలకుడు ఐజి నకాత్సు ఆ పిట్ట ముక్కు నుంచి ఆలోచన తీసుకోగా, 1997లో పట్టాలెక్కిన 500 శ్రేణి బుల్లెట్ రైలు షింకాన్‌సెన్‌కు సుమారు 15 మీటర్ల పొడవైన ముక్కు వచ్చింది. వేగంగా సొరంగంలోకి దూరిన రైలు ముందున్న గాలిని నొక్కడంతో అవతలి చివర పేలుడు లాంటి శబ్దం వచ్చేది, ఆ సమస్యను తగ్గించడానికే ఈ ఆకారం. పిల్లలు మట్టితో రకరకాల ముక్కులు చేసి బకెట్ నీళ్లలోకి వదిలి, నీరు చిమ్మడాన్ని ఫోన్‌లో నిదానంగా చూశారు. మన మెట్రోకు అలాంటి ముక్కు ఎందుకు లేదని ఒకరు అడిగారు. ఉప్పల్ స్టేషన్ రోజూ కళ్లెదుట ఉన్నవారికి రావలసిన ప్రశ్న అది. మెట్రో గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు, పట్టాలెక్కినప్పుడు ఆ 500 శ్రేణి షింకాన్‌సెన్‌ది 300. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఒకే ఆకారానికి ఆ రెండు వేగాల మధ్య నిరోధంలో తేడా సుమారు 14 రెట్లు. పైగా మనం తిరుగుతున్న మెట్రో మార్గమంతా స్తంభాల మీదే ఉంది, సొరంగమే లేదు. సమస్య లేని చోట పరిష్కారాన్ని అతికించనక్కర్లేదన్న తీర్పు పిల్లలే ఇచ్చారు.

కథల్లో సవరణలు

ఈ రంగంలో ప్రచారంలో ఉన్న కథలన్నీ యథాతథంగా నిజం కావు, ఆ మాట విద్యార్థులకు చెప్పి తీరాలి. జింబాబ్వే రాజధాని హరారేలో వాస్తుశిల్పి మిక్ పియర్స్ రూపొందించగా 1996లో పూర్తయిన ఈస్ట్‌గేట్ భవనం, చెదపుట్టలో వేడి గాలి చిమ్నీలా పైకి పోయి లోపల చల్లగా ఉంటుందన్న భావన నుంచి పుట్టింది. పుట్టలు అలా పనిచేయవనీ, పుట్టలోని దారులు ప్రధానంగా బయటి గాలి కదలికలతో లోపలి వాయువులు మారడానికి ఉపయోగపడతాయనీ, పుట్ట లోపలి ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచదనీ పరిశోధకులు స్కాట్ టర్నర్, రూపర్ట్ సోర్ 2008లో వివరించారు. భవనం మాత్రం రాత్రి గాలిలోని చల్లదనాన్ని కాంక్రీటులో నిల్వ చేసుకునే పద్ధతితో చక్కగా పనిచేస్తోంది. నాగుల చవితికి పాలు పోసే పుట్టను కట్టింది చెదపురుగులేనన్న సంగతి దగ్గర ఆగిపోయిన పిల్లలు, పొరపాటు భావన నుంచి మంచి భవనం ఎలా వచ్చిందన్న చర్చకు వచ్చేసరికి తరగతి గంట కొట్టినా లేవలేదు.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. నీరు అంటకూడదని ఆకు మైనం పూసుకుంది, పట్టుకోవాలని కాయ ముల్లు పెంచుకుంది అన్న వాక్యాలు ఈ పాఠాల్లో అలవోకగా దొర్లుతాయి. వాటిని వదిలేస్తే ప్రకృతి తలచుకుని, గీసుకుని, తయారుచేస్తుందన్న అభిప్రాయం నాటుకుపోతుంది. జీవశాస్త్ర ఉపాధ్యాయిని అలాంటి ప్రతి వాక్యం దగ్గర ఆపి, తరతరాలుగా మొక్కల మధ్య చిన్న తేడాలు ఉండటం, కొన్ని తేడాలున్నవే ఎక్కువ విత్తనాలు మిగల్చడం అన్న క్రమంలో తిరిగి చెప్పించారు. ఈ పని విసుగు పుట్టించినా తప్పదని నా నమ్మకం.

ఏం మారింది

ప్రాజెక్టు పనులను నిర్మాణాత్మక మూల్యాంకనంలో భాగం చేయడం వల్ల విడిగా సమయం దొరకలేదన్న ఇబ్బంది చాలావరకు తీరింది. లఘు పరీక్ష మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ పరీక్షలు అడిగేది నిర్వచనాలనే. తేడా పిల్లలు తమ ప్రశ్నలు రాసుకునే పుస్తకంలో కనిపించింది. జులైలో ఎందుకు అన్న మాటతో మొదలై అక్కడే ఆగిన ప్రశ్నలు, నవంబరు నాటికి ఇలా చేస్తే ఏమవుతుంది అన్న రూపంలోకి మారాయి, అంటే ప్రశ్నలోనే ప్రయోగం ఉంది. తెలుగు చదవడంలో వెనకబడిన కొందరు కొలతల పనిలో ముందుకొచ్చారు, కానీ రాతలో పక్కవారి వాక్యాలనే దించుకున్నారు. వారికి మౌఖికంగా చెప్పించి, ఆ మాటలనే రాయించే పద్ధతిని మొదటి వారం నుంచే పెట్టుకోవడం మంచిది.

ఈ పని చేపట్టేవారు కాలాన్ని చూసుకోవాలి. ఉత్తరేణి ఆగస్టు తర్వాత కాయతో ఉంటుంది, మరులమాతంగి కాయ ఎండి గట్టిపడేది అక్టోబరు దాటాక, చేమాకు ఎక్కువ నెలలు దొరుకుతుంది. చేమాకు రసంలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉండి దురద పుట్టిస్తాయి కాబట్టి తెంపిన చేతులను వెంటనే కడిగించాలి. ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ కూడా ఉంటుంది, అది చర్మానికి, శ్వాసకు పడదు. పిల్లలను అందులోకి పంపకుండా మొక్కలను పెద్దవాళ్లే కోసుకురావడం మేలు. కొవ్వొత్తి, కరిగిన మైనం ఉపాధ్యాయుడి చేతిలోనే ఉండాలి. ఖర్చు పెట్టవలసింది భూతద్దాలకు, ఫోల్డ్‌స్కోప్‌లకు, ఫోటోల ముద్రణకు మాత్రమే.

ఆ పిల్లలు ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్నారు. వారిలో ఒక బృందం, కోసిన చేమాకు ఎండిపోయాక కూడా నీటిని అలాగే వదిలేస్తుందా అని పరీక్షిస్తోంది. కొన్ని ఆకులను వార్తాపత్రికల మధ్య నొక్కి, కొన్నిటిని నీడలో వేలాడదీసి వారం వారం స్పర్శకోణం కొలుస్తున్నారు. కొత్తగా ఎనిమిదో తరగతికి వచ్చినవారికి ఫోటో తీయడం, కోణమానిని పెట్టడం నేర్పుతున్నది వాళ్లే.